కొన్నాళ్ళ తల్లికి కథేదీ?

మన తెలుగులో 'పెంపుడు' అన్న మాట ఎక్కడెక్కడ వాడతామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెంపుడు కుక్క, పెంపుడు పిల్లి, పెంపుడు చిలక. ఆ వరసలోనే పెంపుడు కొడుకూ, పెంపుడు కూతురూ. పైగా ఈ ఆఖరి రెండు మాటలూ అనేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ అంటాం. 'సాకడం' అన్న మాట కాస్త నయం, అందులో అన్నం వాసన ఉంది. ఇక 'దత్తత' అయితే పెద్ద మాట. దానికి పురోహితుడూ, హోమమూ, గోత్రం మారడమూ, ఆస్తీ, ఆ తరవాత కోర్టు వ్యవహారమూ అన్నీ ఉన్నాయి.

ఇవేవీ కాని పెంపకం ఇంకొకటుంది. ఓ పిల్ల తల్లి ఆస్పత్రిలో మంచాన పడిందనుకోండి, తండ్రి తాగి ఎటో పోయాడనుకోండి. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన తల్లులు ఎంతమంది లేరు? వాళ్ళ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఆ అమ్మమ్మ కాస్తా కాలు విరిగి పడుకుంటే? ఆ పిల్లని మూణ్ణెల్లో, ఆర్నెల్లో మన ఇంట్లో ఉంచుకుని, జడ వేసి, బడికి పంపి, జ్వరమొస్తే రాత్రంతా కూచుని, వాళ్ళ ఇల్లు కుదుటపడగానే మళ్ళీ అప్పగించేసి రావాలి. ఇంగ్లీషులో దాన్ని ఫోస్టర్ కేర్ అంటున్నారు. మనకి దానికింకా నోరు తిరిగే పేరు స్థిరపడలేదు. పేరు లేనిదానికి సామెతా ఉండదు, పాటా ఉండదు, కథా ఉండదు.

నాకీమధ్య ఈ కథతో పని పడింది. నాకు 48 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, రాజమండ్రిలో ఉద్యోగం. (2015 నుంచి రాజమహేంద్రవరం అనాలి, రాసేటప్పుడు అలాగే రాస్తాను, మాట్లాడేటప్పుడు మాత్రం నోరు తిరగదు.) దానవాయిపేటలో రెండు గదుల వాటా. కొత్త పని ఏది తలపెట్టినా ముందు దాని మీద ఏం రాశారో చదవడం నాకలవాటు. కుట్టుమిషను కొన్నప్పుడూ అంతే, తులసికోట కట్టించినప్పుడూ అంతే. అలాగే ఈ రెండు నెలలూ పురాణాలూ, నవలలూ, సినిమాలూ తిరగేశాను. కొన్నాళ్ళ తల్లి ఎక్కడైనా కనిపిస్తుందా అని. కనిపించినవాళ్ళ గురించీ, కనిపించనివాళ్ళ గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

అసలు నాలాంటిదానికి ఈ ఆలోచన రావడానికే చట్టం మారాల్సి వచ్చిందండోయ్. 1956కి ముందు హిందూ స్త్రీకి తన కోసం తాను దత్తత తీసుకునే హక్కే లేదు. మద్రాసు రాజధానిలో వితంతువు దత్తత చేసుకోవాలంటే పోయిన భర్త అనుమతైనా ఉండాలి, దాయాదుల అంగీకారమైనా ఉండాలి. చేసుకున్నా అది ఆయన కోసమే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చాకనే పెళ్ళికాని స్త్రీకి కూడా ఆ హక్కు దక్కింది. తాత్కాలిక పెంపకం సంగతి ఇంకా ఆలస్యం. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ కింద దానికి చోటిచ్చారు గానీ, 2016లో వచ్చిన మార్గదర్శకాలు భార్యాభర్తలకే అవకాశమిచ్చాయి. 2024లో వాటిని సవరించారు. 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఒంటరివాళ్ళు, అంటే పెళ్ళికానివాళ్ళూ, భర్తో భార్యో పోయినవాళ్ళూ, విడిపోయినవాళ్ళూ కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒంటరి స్త్రీకి ఆడపిల్లనైనా మగపిల్లవాణ్ణైనా ఇస్తారు, ఒంటరి మగవాడికి మగపిల్లవాణ్ణి మాత్రమే. పిల్లలు ఆరేళ్ళు దాటినవాళ్ళు. ఇచ్చేదీ, వెనక్కి తీసుకునేదీ జిల్లా బాలల సంక్షేమ సమితి. నెలనెలా వచ్చి చూసిపోవాలని చట్టంలోనే రాసి ఉంది. ఏడాది లోపైతే స్వల్పకాలం, దాటితే దీర్ఘకాలం. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 రూపాయలు పిల్ల ఖర్చుకని ఏర్పాటు. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ పిల్ల చట్టరీత్యా దత్తతకి యోగ్యురాలైతే, ఆ ఇంటివాళ్ళే దత్తత కూడా అడగొచ్చు. నేనడిగేది అది కాదు లెండి. నాది కొన్నాళ్ళ సంగతే.

సరే, పురాణాలు. మన రాజమండ్రిలోనే కదా, 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు భారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఆదిపర్వంలోనే శకుంతల కథ వస్తుంది. తల్లి మేనక స్వర్గానికి పోయింది, తండ్రి విశ్వామిత్రుడు తపస్సుకి పోయాడు, పిట్టలు కాపలా కాస్తున్న పసిగుడ్డుని తెచ్చుకున్నవాడు కణ్వుడు. పెళ్ళాం లేదు, బిడ్డలు లేరు, ఆశ్రమం నిండా పని. నాకు తెలిసిన మొదటి ఒంటరి ఉద్యోగస్థుడు ఈయనే. ఈయన పెంపకాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, అప్పగింతలప్పుడు ఆయన ఏడిస్తే కాళిదాసు కూడా ఒక అంకమంతా ఆ ఏడుపుకిచ్చాడు. ఎందుకంటారు? నాకనిపించేదేమిటంటే, ఆడపిల్లని పెంచడమంటేనే మనవాళ్ళ లెక్కలో కొన్నాళ్ళ పెంపకం. కన్నవాళ్ళైనా సరే, ఇంకొకరి సొమ్ము దాచిపెట్టినట్టే పెంచి అప్పగించాలి. కాబట్టి కణ్వుడి దుఃఖం అందరికీ తెలిసిన దుఃఖమే. పోనీ శకుంతల మగపిల్లవాడై ఉంటే? విశ్వామిత్రుడు వచ్చి నా కొడుకుని నాకిమ్మంటే? కణ్వుడు ఏం చేసేవాడో కాళిదాసు రాయాల్సిన అవసరం పడలేదు.

ఆ పరిస్థితి వచ్చింది రాధకి. కృష్ణుడి రాధ కాదు, కర్ణుణ్ణి పెంచిన రాధ. సూతుడి భార్య. మనం కర్ణుడంటే కుంతి కన్నీళ్ళే తలచుకుంటాం. ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి, నువ్వు పాండవుల పెద్దన్నవి, రాజ్యం నీదే, రమ్మన్నప్పుడు కర్ణుడు చెప్పే కారణాల్లో మొదట నిలిచేది దుర్యోధనుడి స్నేహం కాదు. తనని చూడగానే రాధకి పాలు చేపడం, తన మలమూత్రాలు ఆవిడ ఎత్తిపోయడం, ఇవి చెబుతాడు వ్యాసభారతంలో. ఎంత ఇంటి మాటలో చూడండి. అంత పెద్ద రాజకీయ చర్చలో పసిగుడ్డ ఉతుకుడు గురించి మాట్లాడిన వీరుడు నాకింకెవడూ కనిపించలేదు. కానీ మన నాటకాలూ సినిమాలూ ఆ మాటని పక్కన పెట్టి, కుంతిని తెచ్చి ఏడిపించడం మీదే దృష్టి పెట్టాయి. కవచకుండలాలు ఫొటోకి బాగుంటాయి, పక్కబట్టలు బాగుండవు.

ఇక యశోద. కొన్నాళ్ళ తల్లులకి ఆదిదేవత అనుకోవాలి ఆవిడని. వెన్నముద్ద, రోలు, మన్ను తిన్న నోరు, ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. అక్రూరుడు రథం తెచ్చాడు, పిల్లలిద్దరూ మథుర వెళ్ళిపోయారు. అంతటితో మన హరికథల్లో యశోద పని అయిపోతుంది, గోపికల విరహం మొదలవుతుంది. భాగవతం దశమ స్కంధం ఇంకా ముందుకి చదివితే మాత్రం ఓ ఘట్టం ఉంది. ఎన్నో ఏళ్ళ తరవాత సూర్యగ్రహణానికి అందరూ కురుక్షేత్రం చేరతారు. అక్కడ దేవకీ, రోహిణీ యశోదని కౌగిలించుకుని, కళ్ళని రెప్పలు కాచినట్టు మా పిల్లల్ని కాచావని చెప్పుకుంటారు. కన్నతల్లి, పెంచిన తల్లి ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకోకుండా మాట్లాడుకున్న దృశ్యం ఇది. నేను చూసిన ఒక్క సినిమాలోనూ ఇది లేదు. వెన్నముద్ద మాత్రం అన్నిట్లోనూ ఉంది.

సినిమాల దగ్గరికి వచ్చాను కాబట్టి ఆ సంగతి చెప్పేస్తాను.

బి.ఎన్.రెడ్డిగారి 'బంగారుపాప' 1955లో వచ్చింది. మూలం జార్జ్ ఇలియట్ 1861లో రాసిన 'సైలస్ మార్నర్'. దాన్ని తెలుగు చెయ్యడంలో చెయ్యి వేసినవారు పాలగుమ్మి పద్మరాజుగారు, అత్తిలి దగ్గర తిరుపతిపురం వారు. పాటలు రాసినవారు పిఠాపురం ప్రాంతపు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. అంటే ఇంగ్లండు పల్లెటూరి కథకి గోదావరి నీళ్ళు పట్టాయన్నమాట. నవలలో సైలస్ పిసినారి సాలెవాడు, బంగారం పోగొట్టుకున్నవాడికి బంగారు జుట్టు పిల్ల దొరుకుతుంది. సినిమాలో ఎస్.వి.రంగారావు కోటయ్య మొరటువాడు, పగతో రగులుతున్నవాడు. వాడి చేతికి ఓ పసిపాప దొరుకుతుంది. అంత పెద్ద చేతుల్లో అంత చిన్న ప్రాణాన్ని పట్టుకోవడం రాక ఆయన పడే అవస్థ చూడాలి. మాటలక్కర్లేదు. ఒంటరి మనిషి పిల్లని పెంచగలడా అన్న ప్రశ్నకి నాకు తెలిసిన తెలుగు జవాబుల్లో మంచిది ఇదే. ఆడవాళ్ళకైతే పుట్టుకతోనే వస్తుందని అందరూ అనుకుంటారు. నాకైతే ఏడేళ్ళ పిల్లకి తలలో పేలు ఎలా తియ్యాలో కూడా మరుపే.

అయినా 'బంగారుపాప' నా పనికి పూర్తిగా రాదు. ఎందుకంటే పాప పాపగానే దొరికింది, అడ్డుపడే తల్లి లేదు. మన కథల్లో పరాయి పిల్ల ఇంట్లోకి రావాలంటే ముందు తల్లిని చంపాలి. బతికున్న తల్లిని పెట్టుకుని పిల్లని పెంచడం మన రచయితలకి చేతకాలేదు.

1993లో వచ్చిన 'మాతృదేవోభవ' చూసి ఏడవనివాళ్ళు మనలో ఎవరు? మలయాళం 'ఆకాశదూతు'కి అది తెలుగు. చేతిగుడ్డలు తడిసిపోయాయి, వేటూరిగారికి జాతీయ బహుమతీ వచ్చింది. చావు దగ్గరపడ్డ తల్లి బిడ్డల్ని ఒక్కొక్కరినే ఒక్కో ఇంటికి అప్పగిస్తుంది. కాలు బాగాలేని పిల్లవాణ్ణి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఈ సినిమా మీద నాకున్న కోపం చెప్పనా? కెమెరా ఎప్పుడూ ఇచ్చే తల్లి వెంటే ఉంటుంది. పుచ్చుకున్న ఇళ్ళల్లో ఆ రాత్రి ఏమైంది? పిల్ల అన్నం తిన్నదా? పక్క తడిపిందా? కొత్త ఇంట్లో ఆవిణ్ణి 'అమ్మా' అనాలా, 'అత్తయ్యా' అనాలా అని తెలియక పిలవడమే మానేసిందా? అదంతా సినిమాకి అక్కర్లేదు. మనకి ఏడుపు కావాలి. ఆ ఏడుపు కూడా ఎలాంటిదంటే, హాలు బయటికి రాగానే మనకి ఎంతో మంచివాళ్ళమన్న తృప్తి మిగిల్చి ఆరిపోయేది. మన ఇంటి గుమ్మం దాకా రాదు.

మొగల్తూరు చిరంజీవిగారి 'పసివాడి ప్రాణం' (1987) ఉంది. మాట రాని, చెవి వినపడని పిల్లవాడు ఒంటరి మగాడి పంచన చేరడం కథ. అందులో సగం హంతకులతో పోరాటమే కాబట్టి మన చర్చకి అంతగా దొరకదు. దానికన్నా విశ్వనాథ్‌గారి 'స్వాతికిరణం' (1992) నన్ను భయపెట్టింది. కన్నవాళ్ళు బతికే ఉన్న కుర్రవాడు, సంగీతం బాగా వచ్చినవాడు, బిడ్డల్లేని గురువుగారి ఇంట్లో చేరతాడు. గురుపత్నిగా రాధిక ఆ పిల్లవాణ్ణి కడుపులో పెట్టుకుంటుంది. గురువుకేమో వాడి పాట కావాలి, వాడు అక్కర్లేదు, ఆఖరికి ఆ పిల్లవాడి ప్రాణమే పోతుంది. అందరూ దీన్ని అసూయ కథగా మాట్లాడుకుంటారు. నేను మాత్రం పరాయి పిల్లని ఇంటికి తెచ్చుకునేవాళ్ళందరూ ముందు చూడాల్సిన సినిమా అంటాను. ఈ పిల్ల నాకెందుకు పనికొస్తుంది అన్న ప్రశ్న ఆ ఇంటి పెద్ద మనసులో ఏ మూలో ఉంటే చాలు, మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ఆ ప్రశ్న మధ్యతరగతి ఇళ్ళల్లో లేదంటారా? మనలో మన మాట. పల్లెటూరి నుంచి పదేళ్ళ పిల్లని 'చదివిస్తాం, మా పిల్లలాగే చూసుకుంటాం' అని తెచ్చుకున్న ఇళ్ళు మన వీధుల్లో ఎన్ని ఉండేవి? పొద్దున్న పాలు, తరవాత అంట్లు, తరవాత చంటిపిల్లాణ్ణి ఆడించడం, రాత్రి పడక వంటింట్లో. పలక కొనిచ్చినవాళ్ళే ధర్మాత్ములు. పెళ్ళీడు రాగానే చీరా, రెండు వెండి మట్టెలూ ఇచ్చి పంపించేసి, 'మేం పెంచిన పిల్లే' అని చెప్పుకునేవాళ్ళు. 2006 అక్టోబరులో 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం నిషేధించారు. అప్పుడు ఎన్ని ఇళ్ళల్లో గుసగుసలాడుకున్నారో నాకు గుర్తుంది. నెలనెలా తనిఖీ అనగానే 'మన మీద నమ్మకం లేదా' అని కొందరు రుసరుసలాడతారు. మన చరిత్ర చూసి ఎలా నమ్ముతారు చెప్పండి? నా మటుకు నాకు ఆ తనిఖీ నియమం బాగా నచ్చింది.

ఇది మనకొక్కళ్ళకే పట్టిన జబ్బు కాదు లెండి. 1908లో వచ్చిన 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవలలో మెరిల్లా, ఆవిడ అన్నగారు మాథ్యూ, ఇద్దరూ పెళ్ళి లేనివాళ్ళే, అనాథాశ్రమం నుంచి కుర్రవాణ్ణి తెప్పించుకోవాలనుకున్నది పొలం పనికి సాయమని. పొరపాటున ఆడపిల్ల దిగింది. పనికి రాని పిల్లని ఉంచుకోవడమా మానడమా అన్నదగ్గరే ఆ నవలకి ప్రాణం వచ్చింది.

కథలు వదిలి మన ఊరి చరిత్ర చూస్తే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు పుట్టింది ఒంగోలు ప్రాంతం. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని పోషించింది. బడిలో మేష్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు తను రాజమండ్రి వచ్చేస్తూ ఆ కుర్రవాణ్ణి వెంట తెచ్చుకుని చదివించారు. 'నా జీవిత యాత్ర'లో ప్రకాశంగారే చెప్పుకున్నారు. ఇప్పుడు చూడండి, తల్లి బతికే ఉంది, కొడుకు మీద హక్కు వదులుకోలేదు, నాయుడుగారు దత్తత అనలేదు, నియోగి పిల్లవాణ్ణి తెచ్చుకుంటే కులం అడ్డం రాలేదు. చట్టం రాకముందే జరిగిన ఫోస్టర్ కేర్ ఇది. కానీ పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్నది తెల్లవాడి తుపాకికి ఎదురుగా రొమ్ము విరుచుకు నిలబడ్డ ప్రకాశాన్ని. ఆయనకి చిన్నప్పుడు కంచంలో అన్నం ఎవరు వడ్డించారన్నది పరీక్షలో అడగరు.

వారాలు చెప్పుకుని చదువుకున్నవాళ్ళ సంగతీ అంతే. మా పెద్దవాళ్ళ తరంలో రాజమండ్రిలో, కాకినాడలో, పిఠాపురంలో పేద పిల్లలు వారంలో ఏడు రోజులూ ఏడు ఇళ్ళల్లో తిని చదువుకునేవారు. సోమవారం ఇంటివాళ్ళకి మైల వస్తే ఆ సోమవారం పస్తే. ఆ పిల్లలు పెద్దవాళ్ళై కలెక్టర్లూ, ప్లీడర్లూ అయ్యి స్వీయచరిత్రలు రాసుకున్నారు. వారం ఇచ్చిన ఇల్లాలికి తన కథ రాసుకోవడానికి తీరికేదీ? లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారికి (1841-1909) మాత్రం పేరు నిలిచింది, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. ఒక్క సీతమ్మగారి వెనక పేరు దక్కని సీతమ్మలు ఎంతమందో.

అన్నిటికన్నా నాకు దగ్గరగా వచ్చిన పుస్తకం కందుకూరి వీరేశలింగంగారి స్వీయచరిత్రం. మన కాలేజీ రోజుల్లో దాన్ని సంస్కరణోద్యమ గ్రంథంగా చదివాం. 1881 డిసెంబరు 11, గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుగారికీ మొదటి వితంతు వివాహం, పరీక్షకి ఇంతే చాలు. నేనిప్పుడు దాన్ని ఓ ఇంటి కథగా చదివాను. నాలుగేళ్ళకే తండ్రి పోతే పెదతండ్రి పెంచిన పిల్లవాడు ఈ వీరేశలింగం. పిల్లల్లేని దంపతులు. ఆ ఇంటికి బాలవితంతువులు రావడం మొదలుపెట్టారు, పెళ్ళయ్యేదాకా ఉండటానికి. కొందరు భయంతో, కొందరు కొత్త గాజుల ఆశతో, అందరూ పిల్లలే. ఊరు వెలేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి తనే బిందెలతో నీళ్ళు మోసి, అందరికీ తనే వండిపెట్టింది. ఆ పిల్లలకి పెళ్ళి కాగానే వాళ్ళు వెళ్ళిపోయేవారు, మళ్ళీ ఇంకో పిల్ల వచ్చేది.

చూశారా, నేను వెతుకుతున్న కొన్నాళ్ళ తల్లి ఈవిడే! అయితే ఆ ఇంటి కథ మనకి ముఖ్యంగా పంతులుగారి కలం నుంచే తెలుసు. ఆయన కలానికి సభలూ, వాదాలూ, విరోధుల పన్నాగాలూ ఎక్కువ ఇష్టం. ఎంతైనా పోరాడినవాడు కదా. భార్య పడ్డ శ్రమని మెచ్చుకున్నారు, కాదనను. కానీ ఆ బిందె బరువెంత, రాత్రి ఏ పిల్ల కలవరించి ఏడ్చేది, పిల్ల వెళ్ళిపోయిన మర్నాడు ఆవిడ ఎన్ని గిద్దెల బియ్యం తగ్గించి పోసింది, ఇవి ఆవిడ చెబితే వినాలని ఉంది. 1910లో ఆవిడ పోయింది.

మన భాషలో దొరకని ఆ మాట నాకు చివరికి ఓ అమెరికా పిల్లల నవలలో దొరికింది. కేథరీన్ పేటర్సన్ 1978లో రాసిన 'ది గ్రేట్ గిల్లీ హాప్కిన్స్'. ఆ రచయిత్రి కొన్నాళ్ళు కంబోడియా శరణార్థి పిల్లలిద్దరికి తాత్కాలిక తల్లిగా ఉంది. పిల్లలు ఎలాగూ వెళ్ళిపోతారు కదా అన్న ఆలోచన తన పెంపకాన్ని ఎంత పలచన చేసిందో చూసుకుని, ఆ తరవాత ఈ నవల రాసింది. పదకొండేళ్ళ గిల్లీ ఇల్లు తరవాత ఇల్లు మారిన పిల్ల, నోటికి హద్దు లేదు, చేతికీ లేదు. వచ్చి పడ్డది ట్రాటర్ అనే లావుపాటి వితంతువు ఇంట్లో. ఆ ఇంట్లో దుమ్ము, ఓ పిరికి పిల్లవాడు, పక్కింటి గుడ్డి ముసలాయన. గిల్లీ వాళ్ళని ఏడిపిస్తుంది, డబ్బు దొంగిలిస్తుంది, తల్లికి అబద్ధాల ఉత్తరం రాస్తుంది. తీరా ఆ ఇల్లు తనకి ఇల్లయ్యే వేళకి ఆ ఉత్తరం ఫలితంగా ఎన్నడూ చూడని అమ్మమ్మ వచ్చి తీసుకుపోతుంది. వెనక్కి వచ్చేస్తానని గిల్లీ ఫోనులో ఏడుస్తుంది. ట్రాటర్ రమ్మనదు. తనకెంత ప్రాణమో దాచుకోదు, అయినా రమ్మనదు. తెలుగు సినిమా అయితే అక్కడ వర్షం పడేది, ట్రాటర్ పరుగెత్తుకొచ్చి రైలు ఆపేది, అమ్మమ్మ చెడ్డదని తేలేది. ఈ నవలలో అమ్మమ్మ కూడా మంచిదే. అందుకే అంత బాధ.

నా వాళ్ళు ఈ నవల చదవలేదు, అందుకని నా ఆలోచన చెప్పగానే తలా ఒక మాట అన్నారు. మా వదిన ఫోను చేసి, "అదేదో మీ అన్నయ్య పిల్లల్లో ఒకర్ని తీసుకెళ్ళి పెట్టుకోరాదూ, సొంత రక్తం" అంది. వాళ్ళకి ఇద్దరు తల్లిదండ్రులూ, ఏసీ గదీ ఉన్నాయి మరి. ఆఫీసులో ఒకావిడ "నాలుగు వేలిస్తారట కదా" అని నవ్వింది. నాలుగు వేలకి ఏడేళ్ళ పిల్ల బడి ఖర్చూ, పాలూ, ఆదివారం పుష్కరాల రేవు దగ్గర ఐస్‌క్రీమూ పోను ఏం మిగులుతుందో ఆవిణ్ణే లెక్క వెయ్యమన్నాను. కిందింటి మామ్మగారు నన్ను మెట్లమీద ఆపి, "ఏమే అమ్మాయ్, కులం చూసే ఇస్తారుటే?" అంది. "నా కులం వాళ్ళేం అడగలేదండీ మామ్మగారూ" అన్నాను. ఆవిడకది జవాబుగా తోచలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. బడి నాలుక్కి వదులుతారు, నాకు ఆఫీసు అయిదున్నరకి. ఆ గంటన్నర ఎవరు చూస్తారు? మా ఆఫీసు సెలవుల పుస్తకంలో ప్రసూతి ఉంది, దత్తత ఉంది, తాత్కాలిక పెంపకం అన్న మాట వెతికితే దొరకలేదు. వివరాలు కనుక్కోవడానికి వెళితే బాలల సంరక్షణ కార్యాలయంలో అమ్మాయి కూడా మొదట అడిగింది ఇదే, కాగితాల కన్నా ముందు. కోనసీమ పిల్ల. "ఆయ్, మీరొచ్చేదాకా పిల్ల ఎవరి దగ్గరుంటాదండీ?" అంది. మంచి ప్రశ్న. రెండు వారాలు తిరిగాక జవాబు దొరికింది, అదీ అనుకోని చోట. కులం అడిగిన ఆ మామ్మగారే, "నేనేం వండిపెట్టను గానీ, నా గుమ్మంలో కూచుని చదువుకుంటే కాదననులే" అంది. తరవాత ఓ పూటాగి, "పిల్ల కారం తింటుందా?" అని అడిగింది.

దరఖాస్తు పూర్తి చేశాను. ఇల్లు చూడటానికి వస్తారట. రెండో గదిలో పాత పత్రికల కట్టలు అటక మీదికి ఎక్కించి మంచం వేశాను. పిల్లకి కూడా రావాలని ఉండాలి కదా, ఆ మాట ఆ కార్యాలయంలో అమ్మాయి రెండుసార్లు చెప్పింది. పిల్ల వెళ్ళిపోయే రోజున ఏం చేస్తావని మామ్మగారు నన్ను అడుగుతూనే ఉంది. కాంప్లెక్సు దాకా వెళ్ళి, వాళ్ళమ్మకి సంచీ అందించి, బస్సు ఎక్కించి వస్తానన్నాను. "అది సరే, ఇంటికొచ్చాక?" అంటుంది. గిల్లీ వెళ్ళిపోయిన రాత్రి ట్రాటర్ ఏం వండుకుందోనని ఆ నవల మళ్ళీ తీసి చూశాను. కథ గిల్లీ వెంట వెళ్ళిపోయింది.